సెప్సిస్ చికిత్సపై డాక్టర్ ఇమాన్యుయెల్ రివర్స్ చేసిన పరిశోధన తప్పని ఆ తర్వాత తేలిందా?

పూర్తిగా తప్పని అనలేం. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి, సొంత అవయవాలనే దెబ్బతీసుకోవడం. ఒకప్పుడు చాలాచోట్ల దీనికి గట్టి వైద్యం ఐసీయూకి చేరాకే మొదలయ్యేది. డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో ఇమాన్యుయెల్ రివర్స్ దాన్ని ఎమర్జెన్సీ విభాగంలోనే, మొదటి 6 గంటల్లోనే మొదలుపెట్టారు. సెలైన్, బీపీ మందులు, అవసరమైతే రక్తం, డోబుటమిన్ (గుండె బలంగా కొట్టుకునేలా చేసే మందు) ఇస్తూ, గుండె దగ్గరి పెద్ద సిరలో రక్తపు ఆక్సిజన్ 70 శాతం దాటేలా చూశారు. 2001లో వెలువడిన ఆ అధ్యయనంలో 263 మంది రోగులు; ఆసుపత్రి మరణాలు మామూలు వైద్యంలో 46.5 శాతం, ఈ పద్ధతిలో 30.5 శాతం.

ఒకే ఆసుపత్రి, కొద్దిమంది రోగులు. అనుమానాలు సహజమే. 2014, 2015లో వచ్చిన మూడు పెద్ద అధ్యయనాల్లో (ప్రాసెస్, అరైజ్, ప్రామిస్) ఈ పద్ధతికీ మామూలు వైద్యానికీ మధ్య మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అయితే అప్పటికి 'మామూలు వైద్యం' కూడా మారిపోయింది. జబ్బును త్వరగా గుర్తించడం, వెంటనే యాంటీబయాటిక్, సెలైన్ ఇవ్వడం అలవాటయ్యాయి. అందులో రివర్స్ వాటా పెద్దదేనని నా అభిప్రాయం. 2016 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆయన పెట్టిన ఆక్సిజన్ లక్ష్యాన్ని వదిలేశాయి. ఆయన పద్ధతిలోని మరో లక్ష్యం, సగటు బీపీ కనీసం 65 ఉండాలన్నది మాత్రం అలాగే ఉంచాయి.