'మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?' అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 28 ఏళ్లు. బీటెక్ తర్వాత రెండేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి మానేశాడు. రైతుల దగ్గర కూరగాయలు కొని అపార్ట్‌మెంట్లకు చేరవేసే కంపెనీ పెట్టాడు. సీఈఓ అని అందరికీ గర్వంగా చెప్పుకున్నాం. మూడేళ్లు నడిపి పోయిన దసరాకు ఆపేశాడు. అప్పటి నుంచి గది దాటడం లేదు, పెళ్లిళ్లకూ రానంటున్నాడు. బంధువులకు జవాబు చెప్పలేకపోతున్నాం. ఎంబీఏ చేయించాలా, గ్రూప్-2 కోచింగ్‌కు పంపాలా, మళ్లీ సాఫ్ట్‌వేర్‌కే వెళ్లమనాలా?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: మూడు దారులు అడిగారు కానీ, మీ బాధంతా బంధువుల గురించి రాసిన ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. మీకు కోపం వచ్చినా సరే, ముందు దాని గురించే చెబుతాను.

మూడేళ్లు మీరు అతణ్ని సీఈఓ అని పరిచయం చేశారు. అతనూ తనను అలాగే చూసుకున్నాడు. ఆ పదవి పోయేసరికి ఇంట్లో ఎవరికీ అతని గురించి చెప్పడానికి మాట దొరకడం లేదు. గది దాటి వస్తే ఎదురయ్యేది మీ ముఖమే. అందులో నిరాశ కనబడుతుంటే ఎలా వస్తాడు? కూరగాయల కంపెనీ పెట్టకముందు ఆ పిల్లవాడు మీకు ఎవరు? అప్పట్లో దేనికి నవ్వేవాడు, ఏం ఆడేవాడు? ఆ మాటలు ఇంట్లో మళ్లీ మొదలుపెట్టండి. నిద్ర, తిండి బాగా తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబర్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఓడిన ప్రతివాడికీ స్టార్టప్ సభల్లో ఒక కథ వినిపిస్తారు. కెనడా వ్యాపారి స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్ 'గ్లిచ్' అనే ఆన్‌లైన్ ఆటను 2012లో మూసేశారు. ఆ ఆట తయారీలో సిబ్బంది తమలో తాము మాట్లాడుకోవడానికి చేసుకున్న సాధనమే ఆఫీసుల్లో సందేశాలకు వాడే 'స్లాక్' యాప్ అయింది. 2021లో అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌ఫోర్స్ దాన్ని దాదాపు 2,770 కోట్ల డాలర్లకు కొన్నది. కథ నిజమే. దాన్ని అందరికీ మందులా పంచడమే నాకు నచ్చదు. ఆయన అప్పటికే, 2005లోనే, ఫొటోలు పంచుకునే ఫ్లికర్ వెబ్‌సైట్‌ను యాహూకు అమ్మి ఉన్నారు. గ్లిచ్ మూసేనాటికి పెట్టుబడిదారుల డబ్బు కొంత చేతిలో మిగిలి ఉంది. మీ అబ్బాయికి ఆ రెండూ లేవు. మూతపడిన కంపెనీల్లో చాలావాటికి రెండో అంకం ఉండదు. 'ఓటమే మెట్టు' అని ఊదరగొడితే, ఆ మెట్టు కనబడని కుర్రవాడు లోపం తనలోనే ఉందనుకుంటాడు.

ఆ కథలో నేను తీసుకునేది వేరే. ఆట మూసినప్పుడు ఆటగాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చారు, సిబ్బందికి వేరే ఉద్యోగాలు దొరికేలా వారి వివరాలతో వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టారు. మీ అబ్బాయీ రైతుల బకాయిలు ఉంటే ముందు తీర్చాలి. అది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే షట్టరు దించినంత మాత్రాన మూతపడినట్టు కాదు. వరసగా మూడేళ్లు కంపెనీల రిజిస్ట్రార్‌కు వార్షిక రిటర్నులు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. అర్హత ఉంటే ఎస్‌టీకే-2 ఫారంతో కంపెనీల రిజిస్టరు నుంచి దాని పేరు తొలగించమని దరఖాస్తు చేయాలి. ఈ వారమే ఆడిటర్ దగ్గరికి వెళ్లమనండి, అతను కోరితే మీరూ తోడు వెళ్లండి.

ఇక మీ మూడు దారులు. పేరున్న ఐఐఎంలలో ఎంబీఏ ఖర్చు 25 లక్షలు దాటుతుంది. ఉన్న దిగులును దాచుకోవడానికి అది మరీ ఖరీదైన చోటు. గ్రూప్-2 అతని కోరికా, మీదా? మీదైతే వదిలేయండి. సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్లవచ్చు, కానీ కొంతకాలం మళ్లీ నేర్చుకోవాలి. తెల్లవారుజామున సరుకు కొనడం, ధర కట్టడం, కుళ్లిపోయేదాన్ని లెక్కవేయడం, డ్రైవర్లను నడిపించడం అతనికి తెలుసు. సరుకుల పంపిణీ, గిడ్డంగుల నిర్వహణ చేసే సంస్థలకు ఈ అనుభవం కావాలి. రెజ్యూమెలో ఆ మూడేళ్లను ఖాళీగా వదలకుండా, ఎంతమంది రైతులతో, రోజుకు ఎన్ని ఇళ్లతో పనిచేశాడో అంకెలతో రాయమనండి. మొదటి ఉద్యోగం చిన్నదైనా పరవాలేదు.

వచ్చే పెళ్లికి అతణ్ని బలవంతం చేయకండి. మీరు వెళ్లండి. ఎవరైనా అడిగితే, 'కంపెనీ మూసేశాడు, ఇంట్లోనే ఉన్నాడు, బాగున్నాడు' అని తల దించకుండా చెప్పండి. ఇంటికి వచ్చాక, అలా చెప్పానని అతనికీ చెప్పండి.