తమ్ముడి చెవుడు, అక్క చదువు

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ. వాళ్ల తమ్ముడికి పుట్టుచెవుడు, కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాం. చెవుడుకు జీన్ థెరపీ వచ్చిందని చదివినప్పటి నుంచి 'నేనూ అదే చేస్తా' అంటోంది. నీట్‌లో సీటు వస్తేనే కుదురుతుందా?

జవాబు: నీట్ టెన్షన్ కాసేపు పక్కన పెట్టండమ్మా. ఆ వైద్యంలో డాక్టర్ చేతికి వచ్చేది చివర్లో చెవిలోకి మందు ఎక్కించే పని. అంతకుముందు కష్టమంతా ల్యాబ్‌లోనే.

లోపలి చెవిలోని రోమకణాలు పట్టుకున్న శబ్దం నాడికి అందాలంటే ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ ఉండాలి. దాని జన్యువు చెడితే కణాలు బాగానే ఉన్నా కబురు మెదడుకు చేరదు. మంచి జన్యువును ఏఏవీ అనే వైరస్‌లో పెట్టి పంపుదామంటే పట్టదు. ఆ వైరస్ మోసేది సుమారు 4,700 డీఎన్ఏ అక్షరాలు, ఈ జన్యువు దాదాపు 6,000. ఒక ఆటోలో పట్టని బీరువాను విప్పి రెండు ఆటోల్లో వేసినట్టు, జన్యువును రెండు ముక్కలు చేసి పంపారు. కణంలోకి వెళ్లాక అవి అతుక్కుంటాయి. షాంఘైలో ఇలా ఆరుగురు పిల్లలకు చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో ప్రకటించారు.

అయితే ఇది ఓటోఫెర్లిన్ లోపానికే. మన దేశంలో ఎక్కువగా కనిపించేది జీజేబీ2 అనే వేరే జన్యువులో లోపం. బాబుది ఏదో జన్యు పరీక్షలోనే తేలాలి. ఈ మాట పాపకు ఇప్పుడే చెప్పండి. తమ్ముడి కోసమే అనుకుని దిగితే మధ్యలో నీరుగారిపోతుంది.

అది తెలిశాక కూడా ల్యాబ్ అంటే ఇష్టమేనంటే, ఏర్పేడు దగ్గర ఐసర్ తిరుపతి అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, ఆపైన పీహెచ్‌డీ. మొత్తం పదేళ్ల మాట. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నల్లో 15 మ్యాథ్స్. బైపీసీ పిల్లలు బెదిరేది అక్కడే. ఇప్పటి నుంచే రోజుకో గంట కేటాయిస్తే చాలు. ఇదంతా విదేశాల్లోనే అనుకోకండి. మీకు గంట దూరంలోని వెల్లూరులో హిమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి జీన్ థెరపీ చేసి 2024లో ఫలితాలు ప్రచురించారు.

అన్నేళ్లు ఆగలేనంటే బీఏఎస్ఎల్‌పీ ఉంది, వినికిడి, మాట సమస్యలకు సంబంధించిన డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులోని ఆయిష్ దీనికి పేరున్న సంస్థ. నన్నడిగితే ఇదేమీ చిన్న చదువు కాదు. ఈసారి బాబు మ్యాపింగ్‌కు, అంటే ఇంప్లాంట్ మెషిన్ సర్దుబాటుకు వెళ్లేటప్పుడు పాపనూ తీసుకెళ్లండి. ఆ పని చేసే వినికిడి నిపుణుల (ఆడియాలజిస్ట్) పక్కన కూర్చుని ఒక పూట చూడనివ్వండి. ఇంటికొచ్చాక తమ్ముడి గురించి మాట్లాడుతుందా, ఆ మెషిన్ గురించా, లోపలి కణాల గురించా, గమనించి నాకు రాయండి.