కొరియన్ ‘జనా’ అంటే మన ‘కదా’యేనా?

కొరియన్ డ్రామాల్లో మాటకోసారి చివర వినిపించే ఈ ‘జనా’కి అర్థమేమిటి, ఎక్కడినుంచి పుట్టింది అని అడిగారు. నేను దక్షిణ కొరియాలోని దేజన్ నగరంలో రెండేళ్లు ఎమ్మెస్ చేశాను. దీనివల్ల ఒకసారి బాగా ఇరుక్కున్నాను కూడా, అందుకే రాస్తున్నా.

ముందు పుట్టుక. కొరియన్‌లో ‘అనిహాదా’ అంటే కాకపోవడం. అది అరిగి ‘అన్’ అయింది. క్రియకు ‘జి’ చేర్చి, పక్కన ఆ ‘అన్’ రూపమైన ‘అనా’ పెడితే ‘కాదా?’ అని అడిగినట్టు. ‘జి అనా’ కలిసిపోయి ‘జనా’. రాతలో ఆ పాత ‘హ’ ఇంకా కనిపిస్తుంది, పలకరంతే. మన ‘కదా’ కూడా ‘కాదా’ పొట్టిగా అయిందే. ఇది తెలిసిన రోజు నాకు భలే సంబరమేసింది.

ఆ సంబరమే కొంప ముంచింది. ‘జనా’ అంటే ‘కదా’, చివర ‘యో’ తగిలిస్తే ‘కదండీ’, గౌరవం కూడా వచ్చేసింది అనుకున్నాను. ఒకరోజు ప్రొఫెసర్ రిపోర్ట్ ఏదని అడిగితే, ‘ఒజె బొనెచ్చనాయో’ అన్నాను. నిన్న పంపాను కదండీ అని నా ఉద్దేశం. ల్యాబ్‌లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు, మెయిల్ వెతుక్కున్నారు. తర్వాత మా సీనియర్ పక్కకు పిలిచి, ‘పంపాను, మీకు తెలిసి కూడా అడుగుతారేంటి అన్నట్టుంది నువ్వన్నది. ఇంకోసారి బొనెన్నుందేయో (పంపానండీ, మరి...) అను, మెత్తగా ఉంటుంది’ అని చెప్పాడు.

తేడా అక్కడే ఉంది. మనం ఖాయంగా తెలియకపోయినా ‘రేపు సెలవే కదా?’ అంటాం. దానికి వాళ్లు వాడేది ‘జో’ (‘జియో’కి పొట్టిరూపం). ఎదుటివాడికి తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన సంగతికే ‘జనా’. అందుకే స్నేహితుల మధ్య ‘పిస్సాజనా’ (ఖరీదెక్కువ కదా) అంటే మామూలు మాట, పెద్దవాళ్ల దగ్గర దెప్పినట్టు. ‘మొన్న ఒక హోటల్‌కి వెళ్లాం కదా, అక్కడ...’ అని పాత సంగతి గుర్తుచేసి కబురు మొదలుపెట్టడానికి మాత్రం ‘జనా’, ‘కదా’ రెండూ ఒకటే.

ఇదే ‘జి అన్’ అతుకు కొన్ని మాటల్లో గుర్తుపట్టలేనంతగా కలిసిపోయింది. ‘చమ్‌జంతా’ అంటే హుందాగా ఉండటం, మూలంలో ‘చిన్నవయసు కాదు’. ‘క్విచంతా’ అంటే విసుగు, చిరాకు. మూలంలో ‘విలువైనది కాదు’.

డ్రామాలో ఈసారి ‘ఇచ్చనా...’ అని మొదలైతే చెవి పెట్టండి. మాటకు మాట అర్థం తీస్తే ‘ఉంది కదా’, వాడుకలో మాత్రం ‘ఇదిగో, ఒక మాట’. మా ల్యాబ్‌లో ఎవరైనా కుర్చీ దగ్గరకు జరిపి ఆ మాట అన్నారంటే, ఎవరి మీదో కబురు తెచ్చారన్నమాటే.