పాపకు, తిరిగొచ్చే మెయిళ్ళ గురించి

అనంతపురం,
ఆదివారం రాత్రి

పాపా,

పొద్దున మీ నాయన ఫోన్ చేసినాడు. వాన పడలేదన్న సంగతి, మోకాళ్ళ సంగతి అయినాక ఆఖర్న చెప్పినాడు: "పాపకు ఆఫీసులో కొత్త పని ఇచ్చినారంటన్నా. తిరిగొచ్చిన మెయిళ్ళను చదివే ప్రోగ్రాం రాయాలంట. తిరిగొచ్చిందంటే తిరిగొచ్చింది, దాంట్లో చదివేదేముంది?" వాడు నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

గర్వం లేదనుకోవద్దు. ఇరవై ఏళ్ళు మెయిల్ సర్వర్లు కాసినోడిని. మన ఇంట్లో ఇంకో మనిషి ఎవరికీ పట్టని ఆ పనిలోకి దిగుతాందంటే సంతోషమే. అయితే మీది పేషెంట్లకు పరీక్షల రిపోర్టులు మెయిల్లో పంపే ఆఫీసు అని గుర్తొచ్చినాక మధ్యాన్నం అన్నం దిగలేదు. ఏమైందని మీ పెద్దమ్మ అడిగింది. కర్నూలు గుర్తొచ్చిందన్నా. ఆమె ఇంకేం అడగలేదు.

సులువైనవి ముందు చెప్పేస్తా, నీకు తెలిసే ఉంటాయి. పైథాన్ భాషతో పాటే వచ్చే ఈమెయిల్ లైబ్రరీ వాడు, మెయిల్‌ను దానికి బైట్లుగానే అందించు. మెయిల్ అందలేదని తిరిగొచ్చే జాబునే బౌన్స్ అంటాం. పద్ధతిగా వచ్చిన బౌన్స్ మల్టీపార్ట్/రిపోర్ట్ రకంగా ఉంటుంది, దాంట్లో మూడు ముక్కలు: మనిషి చదువుకునేది, మిషను చదువుకునేది, మనం పంపిన మెయిల్ అయినా, దాని హెడర్లు (ఎవరు, ఎవరికి అని పైన ఉండే వరసలు) అయినా. నీకు కావాల్సింది నడిమిది. దాని లెక్కంతా ఆర్‌ఎఫ్‌సీ 3464 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో ఉంది, 2003లో వచ్చింది. ఒక పూట కూర్చుంటే అయిపోతుంది, కూర్చో. మొదటి ముక్కలో ఇంగ్లీషు మాటలు వెతికి తీర్పు చెప్పొద్దు, ఒక్కో సర్వరు ఒక్కో భాషలో ఏడుస్తుంది.

నడిమి ముక్కలో మొదటి పేరా మొత్తం మెయిల్ గురించి. ఆ తర్వాత మెయిల్ అందాల్సిన ఒక్కొక్కరికి ఒక్కో పేరా, దాంట్లో యాక్షన్ (ఏమైందో ఒక్క మాటలో), స్టేటస్ (అదే అంకెల్లో) ఉంటాయి. మొదటిది చదివి చాలించుకునే పిల్లోళ్ళను చానామందిని చూసినా. మల్టీపార్ట్/రిపోర్ట్ అని ఉన్నవన్నీ బౌన్సులు కావు, చదివినామని వచ్చే రసీదులూ, స్పామ్ అని వచ్చే ఫిర్యాదులూ అదే చొక్కా వేసుకొనొస్తాయి. రిపోర్ట్-టైప్ చూడు, డెలివరీ-స్టేటస్ అని ఉంటేనే ముట్టుకో. "సెలవులో ఉన్నాను" అనే జవాబులు ఆటో-సబ్మిటెడ్ (మిషను తనంతట పంపింది) అనే హెడర్ పెట్టుకొని వస్తాయి, కొన్ని అదీ పెట్టుకోవు. బౌన్స్‌కు పంపినోడి అడ్రసు ఖాళీగా ఉంటుంది, బౌన్స్‌కు మళ్ళీ బౌన్స్ పుట్టకూడదని పెద్దోళ్ళు పెట్టిన ఏర్పాటు. కాబట్టి దేనికీ జవాబు పంపే కోడు రాయొద్దు.

ఇంక స్టేటస్ అంకెలు. మొదటి అంకె 4 అయితే ఇప్పటికి కాలేదని, 5 అయితే ఇక కాదని. 5.1.1 అంటే ఆ పేరుతో మెయిల్ డబ్బానే లేదు. 5.7.1 అంటే డబ్బా ఉంది, మనల్నే గడప తొక్కనివ్వలేదు. అప్పుడు తప్పు పేషెంటుది కాదు, మన సర్వరుది. డబ్బా నిండిపోయిందని చెప్పేటప్పుడు 4.2.2 అనేవాళ్ళూ ఉన్నారు, 5.2.2 అనేవాళ్ళూ ఉన్నారు. నిండిన డబ్బా వెనక మనిషి ఉంటాడు కదా. స్టేటస్‌లో 5.0.0 అని మొక్కుబడిగా రాసి, అసలు సంగతి డయాగ్నస్టిక్-కోడ్ అనే ఇంకో వరసలో దాచేవాళ్ళూ ఉంటారు, రెండూ చూడు.

ఇంతవరకూ పుస్తకంలో దొరుకుతుంది. ఇప్పుడు చెప్పేది మీ నాయనకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2009లో నేను పనిచేసిన సంస్థ పేరు వద్దులే. సభ్యులకు ప్రతి నెలా మూడో తేదీన ఒక నోటీసు మెయిల్లో పోతాండె. తిరిగొచ్చేవి ఎక్కువై, వాటిని ఏరేదానికి నేను పర్ల్ భాషలో నలభై లైన్ల ప్రోగ్రాం రాసినా. ఎంత గర్వమో ఆ నలభై లైన్లంటే! రాత్రి పన్నెండున్నరకు అదే లేస్తుంది, బౌన్సులు తెరుస్తుంది, యాక్షన్ ఫెయిల్డ్ అని కనపడితే ఆ అడ్రసును జాబితాలోంచి తీసేస్తుంది. పని అయినాక బౌన్సును కూడా తుడిచేస్తుంది. శుభ్రం. ఆఫీసులో అందరికీ చూపించుకున్నా.

ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికొచ్చినాయి. నువ్వు అప్పుడు చిన్నపిల్లవు, మీరు కడపలో ఉంటిరి. మేం ఇక్కడ టీవీ ముందు కూర్చొని, ఆ వీధులు మనకు తెలిసిన వీధులేనా అని చూస్తాండాం. మా సభ్యుల్లో నలభైమూడు మంది కర్నూల్లో ఒకే చోట పనిచేసేవాళ్ళు, వాళ్ళ మెయిల్ సర్వరు అక్కడే కింది అంతస్తులో ఉండె. మునిగిపోయింది. మూడో తేదీ నోటీసు మామూలుగానే బయల్దేరింది. మా మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ అయిదు రోజులు తలుపు కొట్టి కొట్టి, ఎనిమిదో తేదీ చేతులెత్తేసింది. నలభైమూడు బౌన్సులు. యాక్షన్: ఫెయిల్డ్. దాని కిందనే స్టేటస్: 4.4.1.

చూసినావా? యాక్షన్ ఏమో కుదరలేదంటాంది, అంకె ఏమో తాత్కాలికమంటాంది. రెండూ నిజమే. ఆ ఒక్క మెయిల్ పని అయిపోయింది, ఆ మనిషి పని కాదు. నా కోడు మొదటి మాట విని రెండోది వినలేదు. రాత్రి పన్నెండున్నరకు నలభైమూడు మందిని తీసేసింది. నేను పొద్దున వచ్చి, "బౌన్సులు: 0" అని చూసుకొని టీ తాగినా.

నెలాఖరులో మా సంస్థ వరద బాధితులైన సభ్యులకు వడ్డీలేని అప్పు ఇస్తామని నోటీసు పెట్టింది. పది రోజుల గడువు. మెయిల్ అందరికీ పోయింది, ఎవరి కోసం పెట్టినారో వాళ్ళకు తప్ప.

నవంబరు రెండో వారంలో ఒకాయన వచ్చినాడు. డోన్, గుత్తి దాటుకొని బస్సులో వచ్చినాడు, ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు తాగి ఉబ్బిన పాస్‌పుస్తకం. కేకలేస్తే బాగుండేది. "సార్, మాకు ఎందుకు తెలపలేదు? మా పేర్లు తీసేసినారా?" అని మెల్లగా అడిగినాడు. తీసేసినామని నాకు ఆ నిమిషంలో తెలిసింది. ఎవరెవర్ని తీసేసినానో చూద్దామంటే బౌన్సులు లేవు, తుడిచేసినా కదా. పాత బ్యాకప్ సీడీలోని జాబితాను ఇప్పటి జాబితాతో రెండు రాత్రులు పోల్చుకున్నా.

మేనేజరు దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పినా. గడువు ఇంకో పది రోజులు పెంచినారు. చానామందికి అందింది. అయితే ఆయన అప్పటికే మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి ఇంటి గోడ లేపుకోనుండె. "పోనీలే సార్, మిషను చేసింది" అన్నాడు. మిషను చేయలేదు పాపా.

మీ అబ్బ తపాలాలో పనిచేసినాడని నీకు తెలుసు. కరువు సంవత్సరం ఊళ్ళకు ఊళ్ళు తాళాలేసి బెంగళూరుకు వలస పోయినప్పుడు, జాబు మీద "తాళం" అని రాసి తిప్పి పంపేవాడే కానీ ఆ ఇంటి పేరు తన పుస్తకంలో కొట్టేసింది లేదు. ఉగాదికి వాళ్ళు దిగుతారని ఆయనకు తెలుసు. ఆయన కొడుకునై ఉండి నాకు ఆ బుద్ధి లేకపోయె.

అందుకే నా మాట ఒకటి విను, మిగిలినవి నీ ఇష్టం. నీ కోడుకు ఎవర్నీ తీసేసే అధికారం ఇవ్వొద్దు. పక్కన పెట్టే అధికారం ఇయ్యి, ఎందుకు పెట్టిందో, ఏ రోజు పెట్టిందో, ఏ అంకె చూసి పెట్టిందో రాసి పెట్టమను. 5.1.1 అయినా సరే, అది ఒక్కసారి వచ్చిందని తీర్పు చెప్పొద్దు. అర్ధరాత్రి సెట్టింగు తప్పు పెట్టి తన వాళ్ళందరూ లేరని చెప్పిన సర్వర్లను నేను చూసినా. ఒకే రోజు ఒకే డొమైన్ (అడ్రసులో @ తర్వాతి పేరు) నుంచి గుంపుగా వచ్చినాయంటే ప్రోగ్రాం ఆగి నిన్ను పిలవాల. యాక్షన్: డిలేయ్డ్ అయితే అసలు లెక్కలోకే రాదు, ఆ సర్వరు ఇంకా ప్రయత్నిస్తాంది.

నీది రిపోర్టుల వ్యవహారం కాబట్టి ఇంకొకటి. పక్కన పెట్టిన మనిషికి ఫోన్ నంబరు ఉంటుంది కదా. ఆ జాబితా రోజూ కౌంటర్లో కూర్చునే అమ్మాయి చేతికి పోయేటట్టు చూడు. మెయిల్ పోలేదు, వచ్చి తీసుకోండి అని ఒక్క ఫోను. ఈ ముక్క కోడులో రాయలేవు, మీ పెద్ద సారుతో పోట్లాడాల. పోట్లాడు. బౌన్సులు నా మాదిరి తుడిచేయొద్దు, దాచిపెట్టు, కానీ అందరూ చూసే ఫోల్డర్లో కాదు. ఆ మూడో ముక్కలో ఎవరిదో షుగరు రిపోర్టు అట్లే తిరిగొస్తుంది.

ఎవరి మెయిల్ తిరిగొచ్చిందో కనుక్కునేదానికి బౌన్సులో ఫైనల్-రెసిపియెంట్ అని ఉండే అడ్రసును నమ్ముకుంటే మోసపోతావు. వాళ్ళు ఇంకో అడ్రసుకు ఫార్వర్డ్ పెట్టుకోనుంటే నీ జాబితాలో లేని పేరు కనపడుతుంది. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వరు సాఫ్ట్‌వేర్ రాసిన బెర్న్‌స్టయిన్ దీనికి వెర్ప్ అనే ఉపాయం చెప్పినాడు: పోయే ప్రతి మెయిల్‌కూ తిరుగు అడ్రసు వేరేగా పెట్టడం, బౌన్స్+4521 లాగా, 4521 అనేది నీ జాబితాలో ఆ మనిషి నంబరు. తిరిగొచ్చినప్పుడు ఆ అంకె చూస్తే చాలు. దాని పక్కన నీకే తెలిసే గుర్తు ఒకటి కలుపు, మన పేరు దొంగిలించి ఎవడో పంపిన స్పామ్‌కు వచ్చే బౌన్సులు అక్కడే రాలిపోతాయి. ముందే ఇది పెట్టుకోనుంటే నేను సీడీ ముందు రెండు రాత్రులు కూర్చునే పని ఉండేది కాదు.

చానా రాసినట్టుండా. మీ పెద్దమ్మ లైటు ఆర్పమంటాంది. వచ్చే ఆదివారం నాయనతో కలిసి రా, ఉగ్గాని, బజ్జీ చేస్తాదంట. వచ్చేటప్పుడు తిరిగొచ్చిన మెయిళ్ళు ఓ యాభై పట్టుకొని రా, పేర్లు, అడ్రసులు, రిపోర్టులు చెరిపేసి. అద్దాలు కొత్తవి తెచ్చుకున్నా, కూర్చొని చదువుదాం. ఈలోపల రాత్రిపూట నడిచే డిలీటు ఏదైనా ఇప్పటికే పెట్టుకోనుంటే, ఈ జాబు పక్కన పెట్టి ముందు దాన్ని ఆపు.

మీ పెద్దనాయన