కోళ్ల దాణా తిన్న గుర్రం, మూల నక్కిన పిల్లి: విషమా, జబ్బా?

ప్రశ్న: మా దగ్గర ఎనిమిదేళ్ల ఆడగుర్రం, ధాన్యం గదిలో ఎలుకల కోసం పెంచుకున్న రెండు పిల్లులు ఉన్నాయి. మొన్న రాత్రి గుర్రం కట్టు తెంచుకుని కోళ్ల షెడ్డులోకి వెళ్లి దాణా బస్తా చించింది. ఎంత తిన్నదో తెలియదు. తెల్లారేసరికి మేత ముట్టలేదు, చెమటలు పట్టాయి, ముందుకాలితో నేల తవ్వుతూ మాటిమాటికీ పొట్ట వైపు తిరిగి చూసుకుంది. సాయంత్రానికి తేరుకుంది. ఇటు ఒక పిల్లి రెండు రోజులుగా మూలన నక్కి కూర్చుంటోంది. పిలిచినా రాదు, తినదు, చిగుళ్లు పాలిపోయాయి. ఐదు రోజుల కిందట ధాన్యం గదిలో ఎలుకల మందు పెట్టాం కానీ పిల్లి దాన్ని తిన్నట్టు ఎవరూ చూడలేదు. ఇవి విషం లక్షణాలా, మామూలు జబ్బులా? ఎలా గుర్తుపట్టాలి? ఇంట్లో ఏం చేయాలి?

జవాబు: ముందు పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ జవాబు మిగతాది తర్వాత చదవవచ్చు. వెళ్లేటప్పుడు ఎలుకల మందు ప్యాకెట్ తప్పకుండా వెంట పెట్టుకోండి. రెండో పిల్లి హుషారుగా ఉన్నా దాన్నీ తీసుకెళ్లండి.

ఇంత తొందర ఎందుకంటే, చాలా ఎలుకల మందులు రక్తం గడ్డకట్టకుండా చేసే రకానివి. అవి విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. ఒంట్లో అప్పటికే ఉన్న గడ్డకట్టే పదార్థాలు అయిపోయేదాకా జంతువు బాగానే కనిపిస్తుంది. అందుకే లక్షణాలు మూడు నుంచి ఐదు రోజుల తర్వాత బయటపడతాయి. మీ లెక్క సరిగ్గా దానికి సరిపోతోంది. మందు నేరుగా తిననక్కర్లేదు, మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికి ప్రమాదమే. రక్తం బయటికి కారుతుందనీ అనుకోకండి. చాలాసార్లు ఛాతీలోకి, పొట్టలోకి కారుతుంది. పైకి కనిపించేది పాలిపోయిన చిగుళ్లు, నీరసం, ఆయాసం మాత్రమే. దీనికి విటమిన్ కె1 అనే మంచి విరుగుడు ఉంది. డాక్టర్ రక్తపరీక్ష చేసి మొదలుపెడతారు, వారాల తరబడి ఇవ్వాల్సి రావచ్చు. పిల్లి తేరుకుందని మధ్యలో ఆపేస్తే మళ్లీ రక్తస్రావం మొదలవుతుంది.

ప్యాకెట్ ఎందుకు అడిగానంటే ఎలుకల మందులన్నీ ఒకటి కావు. జింక్ ఫాస్ఫైడ్ అయితే రోజులు పట్టదు, కొద్ది గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి, వణుకు వస్తాయి. ఆ వాంతి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు మనుషులకూ విషమే కాబట్టి తలుపులు, కిటికీలు తెరిచి పెట్టాలి, ముఖం దగ్గరగా పెట్టి చూడకూడదు.

ఇక గుర్రం. సాయంత్రానికి తేరుకుందని రాశారు. నాకు అక్కడే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. కోళ్లకు రక్తపారుడు రాకుండా కొన్ని దాణాల్లో మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కలుపుతారు. కోడి ఒంటికి పడేవి గుర్రానికి ప్రాణాంతకం. మోనెన్సిన్ విషయంలో కోడికి ప్రాణం మీదికి రావాలంటే కిలో బరువుకు దాదాపు 200 మిల్లీగ్రాములు కావాలి. గుర్రానికి కిలోకు రెండు మూడు మిల్లీగ్రాములే చాలు. మేత మానడం, చెమటలు, కడుపునొప్పిలా కనిపించడం, వెనుక కాళ్లు తడబడటం, గుండె లయ తప్పడం, మూత్రం ముదురు రంగులో రావడం దాని లక్షణాలు. దీనికి విరుగుడు లేదు. పైకి కోలుకున్న గుర్రానికి కూడా గుండె కండరం దెబ్బతిని ఉండొచ్చు. అలాంటి గుర్రం వారాల తర్వాత, నెలల తర్వాత కూడా పరుగులోనో బరువు లాగుతూనో ఉన్నట్టుండి కూలిపోతుంది. కాబట్టి స్వారీ, బండి, పరుగు అన్నీ ఆపండి. చిరిగిన బస్తా, దాని మీది లేబుల్, మిగిలిన దాణా దాచండి. డాక్టర్ గుండె పరీక్ష, కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే రక్తపరీక్ష చేయించాకే పని సంగతి ఆలోచించాలి.

లేబుల్ మీద ఆ మందులేవీ లేకపోయినా నిశ్చింత పనికిరాదు. గింజలున్న దాణా ఒక్కసారిగా ఎక్కువ తిన్న గుర్రానికి ఒకటి నుంచి మూడు రోజుల్లో డెక్కల లోపల వాపు రావచ్చు. రోజూ డెక్కల మీద చెయ్యి పెట్టి వేడి చూడండి. మడమ వెనుక నాడి బలంగా కొట్టుకోవడం, ముందుకాళ్లు ముందుకు చాపి బరువంతా వెనుకకు వేసి నిలబడటం కనిపిస్తే ఆ రోజే కబురు పెట్టాలి.

విషమా, జబ్బా అన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఉన్నట్టుండి మొదలవడం, ఒకేసారి ఒకటికి మించి జంతువులు పడిపోవడం, మొదట్లో జ్వరం లేకపోవడం విషాన్ని అనుమానించేలా చేస్తాయి. కానీ మీ పిల్లి కేసే చూడండి, విషమైనా నెమ్మదిగా బయటపడవచ్చు. వణుకు, ఫిట్స్ ఉంటే విషంతోనూ ఒళ్లు కాలిపోతుంది. అందుకే ఇది ఏమిటో తేల్చడం మీ మీద వేసుకోకండి. ఏం మారింది, ఎప్పటి నుంచి, దేని దగ్గరికి వెళ్లింది అన్న మూడు సంగతులు సరిగ్గా చెప్పగలిగితే సగం వైద్యం మీరు చేసినట్టే.

మారిందని తెలియాలంటే మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం విశ్రాంతిలో గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, ఊపిరి 8 నుంచి 16 సార్లు. ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. పొట్టకు చెవి ఆనిస్తే గుడగుడలు వినపడాలి, అసలు వినపడకపోవడం చెడ్డ గుర్తు. కడుపునొప్పితో ఉన్న గుర్రం గుండె 60 దాటితే క్షణం ఆగకండి. పిల్లికి ఒంటి వేడి 38 నుంచి 39.2, నిద్రలో ఊపిరి నిమిషానికి 30 లోపు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్న పిల్లికి ఏ రోగమైనా సరే, అది అత్యవసరమే. ఈ లెక్కలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే రెండు మూడు సార్లు చూసి రాసి పెట్టుకోండి. మీ గుర్రానిది 30 అని తెలిస్తే 48 చూడగానే మీకే అర్థమవుతుంది.

కడుపునొప్పి ఎక్కువైన గుర్రం బాధను దాచుకోలేదు, దొర్లుతుంది, తన్నుతుంది. పిల్లి దాచుకుంటుంది. ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం మానడం, ముడుచుకు కూర్చోవడం, ఎప్పుడూ లేని మూలకు చేరడం, ఇవే దాని కేకలు. ఒంటి మీద పడిన ప్రతి చుక్కనూ నాకుతుంది కాబట్టి బొచ్చుకు అంటిన పురుగుమందు కడుపులోకే పోతుంది. చొంగ కారడం, కన్నీళ్లు, కనుపాప సూదిమొనలా చిన్నదవడం, కండరాలు అదరడం, ఆయాసం కలిసి కనిపిస్తే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందును అనుమానించాలి. ఈ లక్షణాలు గుర్రంలోనూ ఇంతే. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ పిడుదుల మందు పిల్లికి పూస్తే వణుకు, ఫిట్స్ వస్తాయి. లిల్లీ జాతి పూల పుప్పొడి నాకినా, ఆ పూలు పెట్టిన నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు రెండు మూడు రోజుల్లో పాడవుతాయి. గుర్రానికి గన్నేరు ఆకు పచ్చిదైనా ఎండుదైనా గుండెకు విషమే. బూజు పట్టిన మొక్కజొన్న తిన్న గుర్రం చూపు తగ్గి, గుండ్రంగా తిరుగుతూ, తల గోడకు నొక్కుతుంది.

ఒక సంఘటన నేను మర్చిపోలేను. పిల్లి ఒళ్లు వెచ్చగా ఉందని ఇంటివాళ్లు ప్రేమతో పారాసిటమాల్ మాత్రలో సగం వేశారు. నా దగ్గరికి తెచ్చేసరికి చిగుళ్లు గోధుమరంగుకు తిరిగాయి, ముఖం, పంజాలు వాచాయి. ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. విరుగుడు ఉంది కానీ అప్పటికే ఆలస్యమైంది. మనుషుల మాత్ర ఏదీ పిల్లికి వెయ్యకండి.

ఇంకొకటి విషంగానో, మలబద్ధకంగానో పొరబడతారు. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క మూత్రం కూడా పోయలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయిందని అర్థం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

ఇంట్లో చేయగలిగింది తక్కువ. ఒంటికి పురుగుమందు అంటితే చేతికి గ్లవ్స్ వేసుకుని గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, తుడిచి వెచ్చగా ఉంచండి. ఉప్పునీళ్లు తాగించి పిల్లికి వాంతి చేయించొద్దు. గుర్రానికి అసలు వాంతే రాదు. నోట్లో నూనె, కషాయం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టర్ వచ్చేదాకా గింజలు పెట్టొద్దు, నీళ్లు మాత్రం అందుబాటులో ఉంచండి.

ధాన్యం గదిలో మిగిలిన ఎలుకల మందు, చచ్చిన ఎలుకలు ఈరోజే తీసి, పిల్లులు తవ్వలేనంత లోతున పాతిపెట్టండి. కోళ్ల షెడ్డు తలుపుకు గడియ వేసేది ఎవరో ఇంట్లో ఒకరి పేరు చెప్పి నిర్ణయించండి.