మోకాలి చిప్ప ఆపరేషన్ తర్వాత ఎమ్మారైలో ‘సిగ్నల్ ఎక్కువ’ అని వస్తే

అమలాపురం అక్కా, చిప్ప జారకుండా మీ అమ్మాయికి కొత్త లిగమెంట్ వేసి 5 నెలలైందనీ, ఎమ్మారై రిపోర్టులో ‘గ్రాఫ్ట్‌లో సిగ్నల్ ఎక్కువ’ (అంటే కొత్తగా వేసిన లిగమెంట్ బొమ్మలో మామూలు కన్నా తెల్లగా కనిపిస్తోంది) అని ఉందనీ, తెగిపోయిందేమోనని భయంగా ఉందనీ రాశారు. ఆ ఒక్క మాటకే టెన్షన్ పడకండి. గ్రాఫ్ట్‌లోకి కొత్త రక్తనాళాలు పెరిగి అది కుదురుకునే మొదటి ఏడాదిలో అలా కనిపించడం మామూలే. అసలు చూడాల్సింది, చిప్ప లోపలి అంచు నుంచి తొడ ఎముక దాకా ఆ పట్టీ తెగకుండా ఉందా అన్నది. రిపోర్టులో ఆ సంగతి లేకపోతే రేడియాలజిస్టునే అడగండి.

లిగమెంట్‌ని బిగించిన స్క్రూ చుట్టూ బొమ్మలో నల్లగా ఉన్నది చాలాసార్లు లోహం వల్ల వచ్చే నీడే. మళ్ళీ ఎమ్మారై తీయాల్సివస్తే, లోపల ఏం వేశారో తెలిసేలా డిశ్చార్జ్ సమ్మరీ ముందే చూపించండి. మిషన్ అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో చెబుతారు; 3 టెస్లా కన్నా 1.5 టెస్లా మిషన్‌లో ఆ నీడ తక్కువ.

ఇంకో మాట. ఎమ్మారై కాలు కదలకుండా పడుకోబెట్టి తీస్తారు. చిప్ప గట్టిగా నిలబడుతోందో లేదో సర్జన్ చేత్తో కదిపి చూస్తేనే బాగా తెలుస్తుంది. కాబట్టి రాజమండ్రిలో సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితమే కాదు, ఆపరేషన్‌కి ముందు తీసిన సీడీ, ఇప్పటిది రెండూ పట్టుకెళ్ళండి. ఈలోగా చిప్ప మళ్ళీ జారినా, మోకాలు పట్టేసినా, జ్వరంతో వాచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే వెళ్ళండి.