సంస్మరణ విందా, పాస్క విందా?

సందేహం: ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం సాయంత్రం మా విచారణలో (చర్చి పరిధిలో) జరిగే దివ్యబలిపూజకు (మాస్‌కు) ఆహ్వానపత్రం అచ్చు వేయిస్తూ ‘ప్రభువు సంస్మరణ విందు’ అని రాశాం. ‘సంస్మరణ’ తప్పని ఒక పెద్దాయన, ‘విందు’ అనడం బాగాలేదని మరొకరు అన్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

సమాధానం: వ్యాకరణం దృష్టితో చూస్తే ‘సంస్మరణ’లో తప్పేమీ లేదమ్మా. చక్కగా తలచుకోవడమని అర్థం. చిక్కు వాడుకతో వచ్చింది. పత్రికలో ‘సంస్మరణ సభ’ అని కనబడితే ఎవరో కాలం చేశారని వేరే చెప్పనక్కరలేదు. పెద్దాయన చెవికి గుచ్చుకున్నది అదే అయి ఉంటుంది. ఆయన పట్టింపు న్యాయమైనదే.

ఆనాటి పూజలో మొదటి పఠనం బైబిల్లోని నిర్గమకాండం 12వ అధ్యాయంలోది. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులు విడుదలైన రాత్రి చేసిన భోజనం గురించి అది చెబుతుంది; ఆ విడుదల పండుగే పాస్క. ఏ లోపమూ లేని ఏడాది గొర్రెపిల్లను కోసి, దాని నెత్తురు ద్వారబంధాలకు పూసి, మాంసాన్ని నిప్పుల మీద కాల్చి, పులియని రొట్టెలతోనూ చేదు ఆకుకూరలతోనూ ఆ రాత్రే తినాలి. అదీ నడుము బిగించి, చెప్పులు తొడుక్కుని, కర్ర చేతబట్టి, త్వరత్వరగా. ఈ రోజును తరతరాలూ స్మరించుకోవాలన్న 14వ వచనంతో ఆ పఠనం ముగుస్తుంది. ఆ స్మరణ ఎలాంటిదో యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా చెబుతుంది: ఏ తరంవారైనా ఐగుప్తు నుంచి తామే బయటపడ్డట్టు భావించుకోవాలి. ట్యాంక్‌బండ్ మీది విగ్రహానికి దండ వేసి వచ్చే స్మరణ కాదిది.

కథోలికులు దివ్యబలిపూజను ఈ దారిలోనే అర్థం చేసుకుంటారు. కడరాత్రి భోజనంలో యేసు రొట్టెను, ద్రాక్షరసాన్ని తన శరీరరక్తాలుగా ఇచ్చి, తన స్మరణగా అలా చేయమన్నాడు. పూజలో సిలువ బలి మరోసారి జరగదు. ఒక్కసారి జరిగినదే అక్కడ ప్రత్యక్షమవుతుందని వారి విశ్వాసం. మరి గొర్రెపిల్ల ఏది? క్రీస్తే మన పాస్క గొర్రెపిల్ల అని పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 5వ అధ్యాయంలో ఉంది. సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే రొట్టె) పంచే ముందు గురువు, అంటే ఫాదర్, ఆ పలచని, పులియని గోధుమ అప్పాన్ని ఎత్తి చూపుతూ ‘ఇదిగో దేవుని గొర్రెపిల్ల’ అనేది అందుకే.

‘విందు’ మీద అభ్యంతరం నిలవదు. మన నగరంలో ఆ మాట వినగానే బిర్యానీ గుర్తుకు వస్తే అది మాట తప్పు కాదు! కథోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి వెలువరించిన పత్రం, 47వ పేరాలో, దీన్ని పాస్క విందు అనే పేర్కొంది. క్రీస్తు మరణ పునరుత్థానాల స్మరణ అనీ అక్కడే అంది. ‘సంస్మరణ’ అనగానే మరణం ఒక్కటే తోస్తుంది, పునరుత్థానం జారిపోతుంది.

కాబట్టి ‘ప్రభుని పాస్క విందు’ అని అచ్చు వేయించండి. ‘పస్కా’ అన్నా అదే మాట. మీ ఆరాధన గ్రంథంలో ఎలా ఉంటే అలా రాయండి. స్మరణ ప్రసక్తి ఉండాలనుకుంటే కింద ‘మరణ పునరుత్థానాల స్మరణోత్సవం’ అని చేర్చవచ్చు. ‘కడరాత్రి భోజనం’ మాత్రం యేసు శిష్యులతో యెరూషలేములో చేసిన ఆనాటి భోజనానికే అట్టిపెట్టండి.